మళ్ళీ చెప్పమని అడగడం ముందు నేర్చుకోండి

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. పెళ్ళయ్యాక ఏడేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటున్నాం. మావారు ఎనిమిది నెలల కిందట కంపెనీ తరఫున అమెరికా వెళ్ళారు. టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. నాకూ ఐదేళ్ళ మా పాపకూ వీసా వచ్చింది. ఇంకో మూడున్నర నెలల్లో ప్రయాణం. అమీర్‌పేటలో రెండు నెలలు స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు చేశాను. పన్నెండు టెన్సులూ పట్టికలు వేసి రాయగలను. ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే మాత్రం గొంతు పట్టేస్తుంది. మొన్న వీడియో కాల్‌లో మావారి స్నేహితుడి భార్య ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తల ఊపుతూ కూర్చున్నాను. తర్వాత ఆయన "ఇక్కడికి వచ్చాక నలుగురిలో నువ్వు ఎక్కువ మాట్లాడకు, నేను చూసుకుంటా" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాప స్కూలు, డాక్టరు, షాపు... అన్నిటికీ ఆయన మీదే ఆధారపడాలా? ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలి? ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ఏదైనా అడిగితే ఎట్లా అని ఇప్పటినుంచే టెన్షన్.

ఒక సోదరి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం:

అమ్మా,

ముందు నేనొక మాట అడుగుతాను. ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నారు. మదీనా దగ్గర చీరల కొట్లోనో, సుల్తాన్ బజార్‌లోనో, ఆటో ఎక్కేటప్పుడో హిందీ మాట్లాడకుండా గడిచిందా? ఆ భాష మీకు ఎవరు నేర్పారు? సూర్యాపేట పక్క పల్లెలో ఎవరూ నేర్పి ఉండరు. "కిత్నా?" దగ్గర మొదలుపెట్టి ఉంటారు. కొన్నాళ్ళకు "ఇత్నా నక్కో భయ్యా, కమ్ కరో" దాకా వచ్చి ఉంటారు. హిందీలో ఏది ఆడ మాటో ఏది మగ మాటో మనలో చాలామందికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. బస్సు "ఆతీ" అనాల్సిన చోట "ఆతా" అంటాం. అయినా ఆటో ఆగింది, చీర ధర తగ్గింది, మీ పని అయింది.

కాబట్టి మీరు ఇప్పటికే ఒక పరాయి భాషను వీధిలో నేర్చుకున్న మనిషి. అప్పుడు మీ చేతిలో టెన్సుల పట్టిక లేదు. పక్కన నిలబడి తప్పులు లెక్కపెట్టేవాళ్ళు లేరు. పని ఉంది, ఆ పని కావాలి, అంతే. ఇంగ్లీషును మాత్రం మనం బడిలో మార్కుల కోసం చదివాం. తప్పు రాస్తే ఎర్ర సిరా, తప్పు పలికితే క్లాసులో నవ్వు. అందుకే ఇప్పటికీ నోరు తెరిచే ముందు మనసులో వాక్యం కట్టుకుని, దాన్ని దిద్దుకుని, ఇంకోసారి సరిచూసుకుంటాం. అంతలో ఎదుటి మనిషి మాట మార్చేస్తాడు. మీ గొంతు పట్టేసేది అక్కడే.

ఈ ఊళ్ళో చదువు భాష మారడం కొత్త సంగతి కాదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలో సాగేది. ఆ ఉర్దూ మీడియంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి గారు తెలుగు కవిగా 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ్ అందుకున్నారు. ఏ మీడియంలో చదివామన్నది మన మీద ప్రభావం చూపుతుంది, కాదనను. అది ముప్పై ఏళ్ళు దాటినా మోయాల్సిన బరువు మాత్రం కాదు.

ఇక మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలి అన్నారు. అన్నిటికంటే ముందు ఒకే ఒక్కటి నేర్చుకోండి: అర్థం కానప్పుడు మళ్ళీ చెప్పమని అడగడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు తెలిసి విదేశంలో మనవాళ్ళు పడే ఇబ్బందుల్లో సగం ఇది చేయకపోవడం వల్లే వస్తాయి.

నా సంగతే చెబుతాను. నేనూ తెలుగు మీడియమే, ఖమ్మం దగ్గర. 1999 చలికాలంలో న్యూజెర్సీలో ఉన్నాను. మా అబ్బాయికి రెండేళ్ళు. చెవిపోటుతో రాత్రంతా ఏడ్చాడు. పొద్దున్నే ఒక క్లినిక్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి గబగబా టైము చెప్పింది. ఒంటిగంట యాభై అనుకున్నాను. అనుమానం కూడా వచ్చింది. మళ్ళీ అడిగితే ఏమనుకుంటుందోనని "యెస్, యెస్, థాంక్యూ" అని పెట్టేశాను. పిల్లవాణ్ణి ఎత్తుకుని మంచులో నడుచుకుంటూ ఒంటిగంట నలభైకి వెళ్తే, మీకిచ్చిన టైము ఒంటిగంట పదిహేను, అది దాటిపోయింది, రేపు రండి అన్నారు. పిల్లవాడు ఇంకో రాత్రి ఏడ్చాడు. "ఫిఫ్టీనా, ఫిఫ్టీయా?" అని అడగడానికి నాకున్న ఇంగ్లీషు చాలు. అడగలేదు. ఇన్నేళ్ళయినా ఆ రాత్రి తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత నేను ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరు ఏ అంకె చెప్పినా విడదీసి తిరిగి చెబుతాను. "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని. పదమూడు, ముప్పై, పధ్నాలుగు, నలభై, ఈ జంటలన్నిటికీ ఇదే మందు. వారం చెప్పినా అంతే, "ట్యూజ్‌డే, ద టెన్త్?" అని తేదీతో కలిపి అడుగుతాను. "కెన్", "కాంట్" అన్న రెండు మాటలు అమెరికన్ల నోట దాదాపు ఒకేలా వినిపిస్తాయి. అక్కడ "సో, ఈజ్ దట్ యెస్ ఆర్ నో?" అని అడగండి. ఎవరూ తప్పు పట్టరు. వాళ్ళలో వాళ్ళు కూడా ఇలా అడుగుతూనే ఉంటారు.

ఈ మూడు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా వచ్చేలా చేసుకోండి. "సారీ, కెన్ యూ సే దట్ అగైన్?" "కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ స్లోలీ, ప్లీజ్?" "కెన్ యూ రైట్ ఇట్ డౌన్ ఫర్ మీ?" రోజుకు ఇరవైసార్లు పైకి అనండి, గిన్నెలు తోముతూ అనండి. భయం వేసినప్పుడు మనిషికి కొత్త వాక్యాలు రావు, నోటికి అలవాటైనవే వస్తాయి.

తల ఊపే సంగతి కూడా చెప్పాలి. మనం "సరే" అనడానికి తలను అటూ ఇటూ వాలుస్తాం. అమెరికన్లకు అది "కాదు" అన్నట్టో, "ఏమో" అన్నట్టో కనిపిస్తుంది. నోటితో "యెస్" అంటూ తల అలా వాల్చితే ఇంకా గందరగోళం. వినిపించేలా "యెస్", "నో", "ఓకే" అనడం అలవాటు చేసుకోండి. అర్థం కాకపోతే మాత్రం "యెస్" అనకండి.

రెండో విషయం, మర్యాద. తెలుగులో మన మర్యాదంతా క్రియలోనే ఉంటుంది. "నీళ్ళు ఇవ్వండి" అంటే చాలు, ఆ "అండి"లోనే గౌరవం ఉంది, అభ్యర్థన ఉంది. వేరే "దయచేసి" అక్కర్లేదు. అదే వాక్యాన్ని "గివ్ మీ వాటర్" అంటే అందులోంచి "అండి" జారిపోతుంది, మిగిలేది ఆజ్ఞ. అవతలివాళ్ళ ముఖం ఎందుకు ముడుచుకుందో మనకు తెలియదు. మన మనసులో "అండి" ఉంది, వాళ్ళ చెవికి అది చేరలేదు. ఇంగ్లీషులో ఆ పని "కెన్ ఐ హ్యావ్", "కుడ్ యూ", "ప్లీజ్" చేస్తాయి. "కెన్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?" అనండి. అలాగే "థాంక్యూ". మనం సొంతవాళ్ళకు థాంక్స్ చెబితే దూరం పెట్టినట్టు అనుకుంటాం. అక్కడ తలుపు పట్టుకున్నవాడికీ, బిల్లు వేసినవాడికీ, పక్కింటివాడికీ చెప్పాలి. మరోవైపు "సర్", "మేడమ్", "ఆంటీ" అన్న పిలుపులు చాలా చోట్ల అక్కర్లేదు. పాప టీచరును ఇంటిపేరుతో "మిసెస్" అనో "మిస్" అనో పిలుస్తారు. పక్కింటి డెబ్భై ఏళ్ళ ఆవిడ మాత్రం తనను పేరు పెట్టి పిలవమంటుంది. మొదట నోరు రాదు. రెండు నెలల్లో అలవాటవుతుంది. దారిలో ఎదురైనవాళ్ళు "హౌ ఆర్ యూ?" అంటే మీ ఆరోగ్యం అడుగుతున్నారని ఆగకండి. "గుడ్, హౌ ఆర్ యూ?" అని చిరునవ్వుతో సాగిపోవడమే.

ఇక చెవి. మాట్లాడటం కంటే ముందు వినడం రావాలి. పసిపిల్లలు ఏడాదిపాటు విన్నాకే మాట్లాడతారు కదా. మన తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే కారు, బస్సు, బ్యాంకు, ఫోను అని ప్రతి ఇంగ్లీషు మాటకూ చివర ఒక "ఉ" తగిలిస్తాం. తెలుగులో అది అందమే. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ తోక తీసేయండి. ఇంకో తేడా, మనం మాటలోని అక్షరాలన్నిటికీ దాదాపు సమానంగా బరువు ఇస్తాం. వాళ్ళు ఒక చోట నొక్కి, మిగతావి మింగేస్తారు. "ఫిఫ్టీన్"లో బరువు చివర, "ఫిఫ్టీ"లో మొదట. అమెరికన్లు మధ్యలో వచ్చే "ట"ను "డ"కు దగ్గరగా పలుకుతారు. వాటర్ "వాడర్" అవుతుంది, థర్టీ "థర్డీ" అవుతుంది. మనం షెడ్యూల్ అనేది వాళ్ళకు "స్కెజ్యూల్". ఇంగ్లీషు అక్షరాల్లో చివరిది మనకు "జెడ్", వాళ్ళకు "జీ". ఫోనులో పేరు చెప్పేటప్పుడు ఇవన్నీ అడ్డం పడతాయి. మీ పేరు, పాప పేరు, ఇంటిపేరు ఒక్కో అక్షరం విడదీసి, "వీ యాజ్ ఇన్ విక్టర్" అన్నట్టు చెప్పడం ప్రాక్టీసు చేయండి. మన యాస మార్చుకోవాలని నేను అనను. ఎదుటివారికి మాట అందితే చాలు.

ఇవన్నీ నేర్చుకోవడానికి మరో కోర్సుకు డబ్బు కట్టకండి. ఊళ్ళోనే బడి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట వరకు మెట్రోలో వెళ్తారు కదా, ప్రతి స్టేషన్‌కూ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో ప్రకటన వస్తుంది. ఫోను పక్కన పెట్టి ఇంగ్లీషు ప్రకటన వినండి. అర్థం తెలుగులో అప్పటికే తెలుసు కాబట్టి చెవికి ధ్వని ఒక్కటే పని. తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో ఇంగ్లీషులో విని, ఆ వైపు నిలబడండి.

అన్నిటికంటే నాకు నచ్చిన సాధన కస్టమర్ కేర్. మీ బ్యాంకు, మొబైల్ కంపెనీ, గ్యాస్, ఏదైనా సరే, రోజుకు ఒక నంబరుకు ఫోన్ చేసి ఇంగ్లీషు నొక్కండి. నిజంగా అడగాల్సినదే అడగండి. "నా డేటా ప్యాక్ ఎప్పుడు అయిపోతుంది?" "చెక్‌బుక్ కావాలంటే ఏం చేయాలి?" అవతలివారికి మీ ముఖం కనిపించదు. ఓపికగా వినడం వాళ్ళ ఉద్యోగం. తప్పు మాట్లాడితే మర్నాడు ఎదురుపడేవాళ్ళు కారు. ఫోనులో సైగలు, పెదవుల కదలిక ఉండవు కాబట్టి ఇదే కష్టమైన పరీక్ష. ఇది వస్తే ఎదురుగా మాట్లాడటం తేలికవుతుంది. మా దగ్గరకు ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళతో నేను మొదటి వారం నుంచే ఇది చేయిస్తాను. మొదటి రెండు కాల్స్‌కి చేతులు వణుకుతాయి. పదో కాల్‌కి "ఐ హ్యావ్ వన్ మోర్ క్వశ్చన్" అని వాళ్ళే అంటారు. ఒక్క జాగ్రత్త: నంబరు బ్యాంకు కార్డు వెనక ఉన్నదో, కంపెనీ యాప్‌లో ఉన్నదో మాత్రమే వాడండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబర్లలో మోసగాళ్ళవి ఉంటాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

రాత్రి పాప నిద్రపోయాక రెండు నిమిషాలు ఫోనులో మీ గొంతు రికార్డు చేయండి. ఆ రోజు జరిగింది ఏదైనా ఇంగ్లీషులో చెప్పండి. మాట దొరక్కపోతే ఆ చోట తెలుగు మాటే పెట్టి ముందుకు వెళ్ళండి, ఆగవద్దు. మర్నాడు విని, ఆ తెలుగు మాటలకు ఇంగ్లీషు వెతుక్కోండి. నెల కిందటి రికార్డు విన్న రోజు మీకే తెలుస్తుంది ఎంత దూరం వచ్చారో.

మన ఇంగ్లీషు మాటలు కొన్ని అక్కడ మారిపోతాయి. వంకాయను బ్రింజాల్ అంటే తెలియదు, ఎగ్‌ప్లాంట్. బెండకాయ ఓక్రా, కొత్తిమీర సిలాంట్రో, పెరుగు యోగర్ట్, మైదా ఆల్ పర్పస్ ఫ్లౌర్. పార్సిల్ అనకూడదు, "టు గో" అనాలి. పెట్రోలు గ్యాస్, లిఫ్ట్ ఎలివేటర్. మనం గ్రౌండ్ ఫ్లోర్ అనేది వాళ్ళకు ఫస్ట్ ఫ్లోర్. తేదీలో నెల ముందు వస్తుంది, 03/04 అంటే మార్చి 4. ఎండ వంద డిగ్రీలని వింటే కంగారు పడకండి, అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 38. ఇవి అక్కడికి వెళ్ళిన నెలలో వాటంతటవే వచ్చేస్తాయి, ఇప్పుడు బట్టీ పట్టనవసరం లేదు.

ఇంటి నుంచే నేర్చుకుని వెళ్ళాల్సినవి ఆరోగ్యం మాటలు. "వేడి చేసింది" అన్నదానికి ఇంగ్లీషు లేదు. నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, ముక్కులోంచి రక్తమా, ఏది కనిపిస్తే అది చెప్పాలి. "మోషన్స్" అంటే అర్థం కాకపోవచ్చు, డయేరియా అనాలి. "షుగర్" అంటే పంచదార అనుకుంటారు, డయాబెటిస్ అనాలి. కళ్ళు తిరిగితే "డిజీ". ఇక్కడ "పాస్ అవుట్" అంటే డిగ్రీ పూర్తి చేయడం, అక్కడ స్పృహ తప్పడం. పాప జ్వరానికి మనం వాడే పారాసిటమాల్‌ను వాళ్ళు అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అన్న పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. మందు ఒక్కటే. యాంటీబయాటిక్ మాత్రం డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు.

ఇక్కడ మీరు తప్పక తెలుసుకోవాల్సిన హక్కు ఒకటి ఉంది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ డబ్బు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగ్గా రాని రోగులకు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. 1964 పౌర హక్కుల చట్టం దీనికి మూలం. చాలాసార్లు ఫోనులోనో వీడియోలోనో కలుపుతారు. "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్" అనండి. తెలుగు అన్న పేరు కొందరికి తెలియదు. హిందీ అనుకుని హిందీ మనిషిని కలిపేస్తారు. అందుకే ఒక్కో అక్షరం చెప్పండి, లేదా చీటీ మీద రాసి చూపించండి. మందు, ఆపరేషన్, సంతకం ఉన్న చోట అరకొర ఇంగ్లీషుతో నెట్టుకు రావద్దు. ఇంటర్‌ప్రెటర్‌ను అడిగితే చిన్నతనం ఏమీ లేదు. మీవారు పక్కన ఉన్నా అడగవచ్చు. ఆడవాళ్ళ ఆరోగ్యం విషయాల్లో భర్త ద్వారా చెప్పించడం కంటే అదే మేలు.

అత్యవసరమైతే 911. ఫోను ఎత్తగానే దాదాపు ఎప్పుడూ ముందు అడిగేది మీరు ఎక్కడున్నారని. కాబట్టి ఇంటి నంబరు, వీధి, అపార్ట్‌మెంట్ నంబరు, ఊరు ఇప్పుడే బట్టీ పట్టండి. పాపకు కూడా నేర్పండి. మరో రెండు మాటలు టెక్సస్‌కు ప్రత్యేకం. వసంతకాలంలో అక్కడ సుడిగాలులు వస్తాయి. ఫోనులో "టోర్నడో వాచ్" అని వస్తే రావచ్చు, సిద్ధంగా ఉండండి అని. "టోర్నడో వార్నింగ్" అని వస్తే వచ్చింది, లేదా వచ్చేస్తోంది, వెంటనే కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి వెళ్ళాలి అని. తెలుగులో రెండింటినీ "హెచ్చరిక" అనేస్తాం, అక్కడ ఆ తేడా ప్రాణంతో సమానం.

పాప బడి గురించి. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండిన పిల్లలకు ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ఉచితం. టీకాల కార్డు తప్పక అడుగుతారు. హెపటైటిస్ ఏ, చికెన్‌పాక్స్ టీకాలు కూడా కావాలి. మన ప్రభుత్వ టీకాల జాబితాలో ఈ రెండూ లేవు కాబట్టి పాపకు వేయించారో లేదో పిల్లల డాక్టరుతో చూపించుకోండి. చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. పిల్లను తక్కువగా చూస్తారేమోనని మనవాళ్ళు కొందరు "ఇంగ్లీష్" అని రాస్తారు. అలా రాయకండి. తెలుగు అని రాయండి. అప్పుడే పాపకు ఇంగ్లీషు ఎంత వచ్చో చూసి, అవసరమైతే అదనంగా నేర్పుతారు.

ఒక్క ఏడాదిలో పాప మీకంటే ధారాళంగా మాట్లాడుతుంది. "అమ్మా, అది అలా కాదు" అని దిద్దుతుంది కూడా. చివుక్కుమంటుంది, నాకు తెలుసు. దిద్దనివ్వండి. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి, కథలు తెలుగులో చెప్పండి. ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పాపను మీ దుబాసీగా నిలబెట్టకండి. ఆ వయసు పిల్లలకు ఆ బరువు మంచిది కాదు.

మీ అసలు క్లాసు ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఉంది. మీ ఊళ్ళో ఉంటున్నట్టు అడ్రసు రుజువు చూపిస్తే లైబ్రరీ కార్డు ఉచితం. చిన్నపిల్లలకు కథలు చదివే గంట ఉంటుంది, స్టోరీ టైమ్ అంటారు. పాపతో పాటు మీరూ కూర్చోండి. నెమ్మదిగా, స్పష్టంగా, బొమ్మలు చూపిస్తూ, ఒకే మాటను పదిసార్లు చెబుతారు. పెద్దవాళ్ళకు ఇంతకంటే మంచి ఇంగ్లీషు పాఠం నేను చూడలేదు. పెద్దల కోసం ఇంగ్లీషు మాట్లాడుకునే ఉచిత సమావేశాలు కూడా చాలా లైబ్రరీల్లో ఉంటాయి. కౌంటర్ దగ్గర అడగండి.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని మాట దగ్గరికి వస్తాను. "నువ్వు ఎక్కువ మాట్లాడకు" అన్న మాట సరైంది కాదమ్మా. మీకు అవమానం జరగకుండా కాపాడుతున్నానని ఆయన అనుకుని ఉండవచ్చు. కొత్త ఊళ్ళో ఆయనకూ ఏదో బెరుకు ఉండి ఉండవచ్చు. అయినా ఆ మాట మీ గొంతు మీద చెయ్యి వేసింది. గొడవ పడకుండా, దాటవేయకుండా ఒకరోజు చెప్పండి: "మీరు అలా అన్నందుకు బాధేసింది. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు పాపకు ఏమైనా అయితే మాట్లాడాల్సింది నేనే." ఆ కారణం ఏ తండ్రికైనా అర్థమవుతుంది. తర్వాత ఆయన చేయగలిగింది అడగండి. షాపులో ఎవరైనా నన్ను అడిగితే మీరు జవాబు చెప్పవద్దు, రెండడుగులు వెనక నిలబడండి. తప్పు మాట్లాడితే నలుగురిలో దిద్దవద్దు, ఇంటికి వచ్చాక చెప్పండి. రోజూ వీడియో కాల్‌లో పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడుకుందాం. చాలామంది భర్తలు ఏం చేయాలో తెలియకే "నేను చూసుకుంటా" అంటారు. ఏం చేయాలో చెబితే చేస్తారు.

అక్కడికి వెళ్ళాక మీ పాస్‌పోర్టు, ఇంటి తాళం, ఒక బ్యాంకు కార్డు, మీ పేరున ఫోను మీ దగ్గర ఉండాలి. ఇది అపనమ్మకం కాదు. ఒక పెద్ద మనిషి ఊళ్ళో తిరగడానికి కావలసిన వస్తువులు ఇవి.

మొదటి నెలలు కష్టంగా ఉంటాయి, దాచను. భాష కంటే నిశ్శబ్దం ఎక్కువ బాధిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున లేస్తే కూరగాయల బండి కేక, పక్కింటి కుక్కర్ విజిల్, గుడి మైకు, మసీదు పిలుపు. అక్కడ తలుపు తీస్తే ఖాళీ రోడ్డు. అమ్మకు ఫోన్ చేద్దామంటే టెక్సస్ మనకంటే ఎండాకాలం పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక. రోజూ ఒకే టైము పెట్టుకుని ఆ టైముకే మాట్లాడండి. రోజంతా ఫోను చూస్తూ ఎదురుచూడవద్దు.

ఫ్రిస్కోలో తెలుగువాళ్ళు చాలా ఎక్కువ. కిరాణా, టిఫిన్లు, కార్యసిద్ధి హనుమాన్ గుడి, పిల్లల డ్యాన్సు క్లాసు, అన్నీ తెలుగులోనే జరిగిపోతాయి. ఇంగ్లీషు లేకుండా పదేళ్ళు గడపవచ్చు, గడిపినవాళ్ళను చూశాను. మనవాళ్ళ తోడు వదులుకోమని చెప్పను, జ్వరం వచ్చిన రోజు చారు తెచ్చేది వాళ్ళే. వారంలో మూడు రోజులు మాత్రం తెలుగు వినిపించని చోటికి, లైబ్రరీకో పార్కుకో బడికో మీరే వెళ్ళండి. డ్రైవింగ్ వీలైనంత త్వరగా నేర్చుకోండి. ఆ ఊళ్ళలో కారు లేకపోతే ఇల్లు కదలలేరు.

చివరిగా ఎయిర్‌పోర్టు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగేవి మామూలుగా నాలుగైదే. ఎందుకు వచ్చారు, మీవారు ఎక్కడ పని చేస్తారు, ఎక్కడ ఉంటారు, పాప మీ పాపేనా, తినేవి ఏమైనా తెచ్చారా. అడిగినదానికి ఒక్క వాక్యంలో నిజం చెప్పండి. "టు లివ్ విత్ మై హస్బెండ్" అంటే సరిపోతుంది. మీవారి కంపెనీ పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పాస్‌పోర్టుల కవర్లోనే పెట్టుకోండి. అర్థం కాకపోతే మీరు మూడు నెలలుగా నేర్చుకున్న వాక్యమే, "సారీ, కెన్ యూ సే దట్ అగైన్?" అప్పటికీ కాకపోతే ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పవచ్చు. వాళ్ళకు ఇది రోజూ ఉండే పనే.

తినేవి తెచ్చారా అంటే ఉన్నవన్నీ చెప్పండి, పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు. చెప్పకుండా దొరికితే జరిమానా వేస్తారు. మాంసం పచ్చళ్ళు, విత్తనాలు, పండ్లు వద్దు. కరివేపాకు అసలే వద్దు. అక్కడి నిమ్మ, నారింజ తోటలకు తెగులు వస్తుందని దాన్ని రానివ్వరు. మీ అత్తగారు కాగితంలో చుట్టి పెట్టె అడుగున పెడతానంటే, ఫ్రిస్కోలో మన కొట్లలోనే దొరుకుతుందని చెప్పండి.